తప్పెటకు పిలుపుంది, బంతిలో చోటేదీ?

మా రుద్రవరం మండలంలో మన పిల్లలు వచ్చే అంబేడ్కర్ జయంతికి ఒక కొత్త పని తలపెట్టినారు. ఏటా చేసినట్టే విగ్రహానికి దండేసి, నాయకుల ఉపన్యాసాలు విని, బొరుగులు పంచుకుని ఇండ్లకు పోవడం ఇంక చాలనుకున్నారు. ఈసారి కళాకారులను పిలుస్తారంట. కళలో పేరు తెచ్చుకున్నవాళ్లు పదిమంది వచ్చి, తాము ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఎట్లా పైకొచ్చినారో మన పిల్లలకు చెప్పాల. తర్వాత అందరూ కలిసి మధ్యాహ్నం అన్నం తినాల. ఇదీ ఆలోచన.

ఆలోచన చాలా మంచిది. ఆ మాట ముందే చెప్తున్నా. మన వాడల్లో పిల్లోనికి డాక్టరు కమ్మని చెప్పేవాళ్లున్నారు, పోలీసు కమ్మని చెప్పేవాళ్లున్నారు. నువ్వు పాటగాడివి కావచ్చు, బొమ్మలు గీసేవాడివి కావచ్చు, నాటకం ఆడి బతకొచ్చు అని చెప్పినవాళ్లు లేరు. గొంతు బాగున్న ఆడపిల్ల ఉంటే చర్చిలో పాడిస్తాం, వరినాట్లకు తోలుకపోతాం, అంతటితో సరి. కాబట్టి కళను బతుకుగా చేసుకున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని వినడం మన పిల్లలకు కావాల్సిందే.

మొన్న సాయంత్రం పేటలో చింతచెట్టు కింద కూర్చుని పిలవాల్సినవాళ్ల జాబితా రాసినారు. నన్ను కూడా రమ్మన్నారు. ఆళ్లగడ్డ నుంచి ఒక శిల్పి. నంద్యాల నుంచి రేడియోలో పాడే ఒక గాయకుడు. హరిశ్చంద్ర వేషానికి పేరుపడ్డ ఒక నాటకాలాయన, ఆయనతోపాటు హార్మోనిస్టు. రిటైరైన డ్రాయింగు మాస్టరు. టీవీలో పాడిన ఒక అమ్మాయి. జాబితా అంతా చదివినాక నేను అడిగినా.

"తప్పెటలు లేవా?"

"ఉన్నాయన్నా. ఆరుగురిని మాట్లాడినాం. బస్టాండు కాడ్నించి కళాకారులను ఊరేగింపుగా తోలుకొచ్చేది వాళ్లే."

"మరి వాళ్ల పేర్లు ఇందులో లేవే?"

పిల్లలు ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. "వాళ్లు తప్పెటోళ్లు కదన్నా" అన్నాడొకడు.

"వాళ్లకు భోజనం?"

"అందరి బంతులూ లేచినాక ఆఖర్న పెడతాం."

ఈ మాట అన్నది ఏ పెత్తందారో అయితే నాకు ఆశ్చర్యం ఉండేది కాదు. అన్నది మన పిల్లోడే. డిగ్రీ చదివినవాడు. వాళ్ల తాత తప్పెట కొట్టి ఆ కుటుంబాన్ని సాకినవాడు. పిల్లోని మీద నాకు కోపం లేదు. వాడు నేర్చుకున్నది ఊరు నేర్పిందే. ఊరు మనకు నేర్పిన ఆ పాఠం ఏందో నలుగురం కలిసి తెలుసుకోవాలనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నా.

బంతి చెప్పే లెక్క

మన సీమలో భోజనాల వరుసను బంతి అంటాం. మొదటి బంతిలో ఎవరు, రెండో బంతిలో ఎవరు, ఎవరు వడ్డించాల, ఎవరు వడ్డిస్తే లేచిపోతారు, ఎవరికి బయట పెట్టాల అనేదంతా పెండ్లింటోళ్లకు పుస్తకం చూడకుండా తెలుసు. కులాన్ని పుస్తకాల్లో వెతకాల్సిన పనిలేదు. ఒక పెండ్లిలో బంతులు చూస్తే చాలు, ఊరి కులాల పట్టిక అంతా అక్కడ పరిచి ఉంటాది.

నా చిన్నప్పుడు మా నాయన వెంబడి పెండ్లిళ్లకు పోయేవాణ్ణి. మెరవణి మొదలుకాక ముందు వరిగడ్డి మంటేసి తప్పెటలు కాచేవాళ్లు. నా పని గడ్డి తెచ్చివ్వడం. చర్మం బిగిసి గంటలాగా పలికేదాకా కాచి, మా నాయన మొదటి దెబ్బ వేస్తే మిద్దెల మీది ఆడోళ్లు బయటికొచ్చేవాళ్లు. దరువు మారితే అడుగు మారేది. తాగినోడు, తాగనోడు, పెండ్లికొడుకు మేనమామ అందరూ ఎగిరేవాళ్లు. "ఒరేయ్, ఇంకో దరువు ఎయ్‌రా" అని నోట్లు విసిరేవాళ్లు. కింద పడిన నోటు ఏరుకునేది నేనే.

తెల్లారి అన్నాల కాడికి వచ్చేసరికి మా చోటు పశువుల కొట్టం పక్కన. ఆకులు మేమే తెచ్చుకోవాల. అన్నం పైనుంచి జారవిడిచేవాళ్లు, చారు పైనుంచి పోసేవాళ్లు. గంట కింద మా నాయన దరువుకు గంతులేసిన మనిషే ఇప్పుడు ఆయనకు నాలుగడుగుల దూరాన నిలబడినాడు. మా నాయన చేతిలోనుంచి పుట్టిన చప్పుడు వాళ్ల పడకటింటి దాకా పోయింది. ఆ చెయ్యి మాత్రం వాళ్ల గడప దాటలేదు. నాకు అప్పుడు కోపం రాలేదు. ఆకలి. అన్నం బాగుందనే అనుకున్నా. కోపం చదువుకున్నాక వచ్చింది.

ఆ కొట్టం పక్కనున్న చోటునే ఇప్పుడు మనం అంబేడ్కర్ జయంతి పందిట్లోకి మోసుకొస్తున్నాం. కొట్టం లేదు, ఆకు బదులు పేపరు ప్లేటు. అంతే తేడా.

పద్యానికి వన్స్‌మోర్, కవికి కులం ప్రశ్న

పిల్లలు పిలవాలనుకున్న హరిశ్చంద్ర వేషధారిని తీసుకుందాం. ఆయన వస్తే కాటిసీను పద్యాలు పాడమని అడుగుతాం. మన పల్లెల్లో హరిశ్చంద్ర నాటకం ఆడితే తెల్లవారుజామున కాటిసీను వచ్చేదాకా ఎవరూ లేవరు. ఆ పద్యాలకు వన్స్‌మోర్‌లు పడతాయి. నాటకం రాసింది బలిజేపల్లి లక్ష్మీకాంతం. అయితే కాటిసీనులో నటులు పాడే పద్యాల్లో జనం గుండె పట్టుకున్నవి గుర్రం జాషువావి. ఆయన 'శ్మశానవాటి' ఖండికలో నుంచి తెచ్చుకుని పాడుతున్నారు. వన్స్‌మోర్ కొట్టే పెద్దమనుషుల్లో ఆ పద్యాలు ఎవరు రాసినారో తెలిసినవాళ్లు ఎందరు?

జాషువా 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టినాడు. తల్లి మాదిగ. బతుకుదెరువు కోసం రాజమండ్రిలో మూగ సినిమాలకు పక్కన నిలబడి కథ చెప్పే పని చేసినాడు. బడిపంతులు పని చేసినాడు. యుద్ధకాలంలో ప్రచారకుడిగా తిరిగినాడు. తర్వాత మద్రాసు రేడియోలో పని చేసినాడు. కళాకారుడి బతుకు అంటే ఇదీ. ఒక చేత్తో పద్యం, ఒక చేత్తో పొట్టకూటి పని. 1941లో 'గబ్బిలం' వచ్చింది. 1964లో 'క్రీస్తు చరిత్ర'కు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి, 1970లో పద్మభూషణ్. 1971లో పోయినాడు.

ఇంత పేరున్న మనిషి ఆయన. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులపోణ్ణి సభలోకి ఎందుకు రానిచ్చినారని అక్కడి కొందరు అవమానించినారు. పద్యం బాగాలేదని ఎవరూ అనలేదు. పద్యం చెవిలోకి పోవచ్చు, కవి మాత్రం సభలోకి రాగూడదు. తర్వాత కాలంలో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రి అంతటి పండితుడు తన చేతులతో జాషువా కాలికి గండపెండేరం తొడిగినాడు. అది గొప్ప పనే. అయితే ఆ ఒక్కరోజు జరిగిన సన్మానం చూపించి, తక్కిన బతుకంతా పడిన అవమానాన్ని మాఫీ చేసుకోవడం కుదరదు.

ఈ జబ్బు మన ఊరిదే కాదు

అమెరికాలో నల్లవాళ్ల కథ కూడా ఇట్లాంటిదే. హ్యాటీ మెక్‌డానియెల్ అనే నల్లజాతి నటి ఉండేది. ఆమె తల్లిదండ్రులు బానిసలుగా బతికినవాళ్లు. 'గాన్ విత్ ద విండ్' సినిమాలో పనిమనిషి వేషం వేసి ఆస్కార్ బహుమతి గెల్చుకుంది. నల్లవాళ్లలో ఆ బహుమతి అందుకున్న మొదటి మనిషి ఆమే. 1940 ఫిబ్రవరి 29న లాస్ ఏంజెలెస్‌లో ఒక పెద్ద హోటల్లో విందు పెట్టి ఆ బహుమతి ఇచ్చినారు. ఆ హోటల్‌కు నల్లవాళ్లను రానిచ్చేవాళ్లు కాదు. సినిమా తీసినాయన ప్రత్యేకంగా అడిగితే రానిచ్చినారు. సినిమాలో ఆమెతో కలిసి నటించినవాళ్లంతా ఒక బల్ల దగ్గర. ఆమెకు గోడ వారన వేరే చిన్న బల్ల. ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా బహుమతి అందుకునే రోజున కూడా బంతి వేరే.

మారియన్ ఆండర్సన్ అనే నల్లజాతి గాయని 1937లో ప్రిన్స్‌టన్‌లో కచేరీ చేసింది. హాల్లో జనం చప్పట్లు కొట్టినారు, ఆ ఊరి హోటలు ఆమెకు పడుకోను గది ఇవ్వలేదు. ఆ రాత్రి ఆమెను తన ఇంటికి తీసుకపోయి ఉంచుకున్నాడు ఐన్‌స్టీన్. ఆయన పెద్ద శాస్త్రవేత్త అని మన పిల్లలకు బళ్లో చెప్తారు. ఈ సంగతి కూడా చెప్పాల.

మన పక్కనున్న చెన్నపట్నానికి వద్దాం. మృదంగం లేకుండా కర్ణాటక కచేరీ లేదు. ఆ మృదంగానికి ఆవు తోలు, మేక తోలు, బర్రె తోలు కావాల. ఆ తోళ్లను ఎంచి, శుభ్రం చేసి, విద్వాంసుడి చెవికి నచ్చేదాకా బిగించేవాళ్లలో ఎక్కువమంది దళిత క్రైస్తవులు. ఈ పనివాళ్ల మీద టి.ఎం.కృష్ణ అనే గాయకుడు 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని పుస్తకం రాసినాడు. 2020 జనవరిలో ఆ పుస్తకం విడుదల సభకు ముందు హాలు ఇస్తామన్న కళాక్షేత్ర సంస్థ, తర్వాత ఆ అనుమతి వెనక్కి తీసుకుంది. సభ వేరేచోట జరుపుకున్నారు. మృదంగం వేదిక మీద ఉండొచ్చు. మృదంగం చేసినవాళ్ల కథకు అదే వేదిక దొరకలేదు.

వినుకొండ సభ, లాస్ ఏంజెలెస్ విందు, చెన్నపట్నం హాలు, మన జయంతి జాబితా. నాలుగింట్లోనూ జరిగింది ఒకటే. పనిని లోపలికి పిలిచి, పని చేసిన మనిషిని బయట నిలబెట్టడం.

చాపకూడు పాడినోళ్లు

మనకు వేరే దారి లేదా అంటే ఉంది. అది బయటినుంచి తెచ్చుకున్నది కాదు. 12వ శతాబ్దంలో పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒక చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టినాడని పల్నాటి వీరుల కథ చెప్తాది. దాన్నే చాపకూడు అన్నారు. ఆ బ్రహ్మనాయుడి సైన్యానికి ముందు నిలిచినవాడు మాల కన్నమదాసు. ఇప్పటికీ కార్తీక మాసంలో కారంపూడిలో వీరుల ఉత్సవం జరుగుతాది, మందపోరు నాడు చాపకూడు పెడతారు.

ఆ కథను ఇన్ని వందల ఏండ్లు బతికించింది ఎవరు? వీరవిద్యావంతులు. వాళ్లు మాలవాళ్లు. తాళపత్రాలు చెదలు తిన్నా, కోటలు కూలిపోయినా, చాపకూడు మాట మనదాకా వచ్చిందంటే ఆ గాయకుల గొంతు వల్లనే. కలిసి తిన్నామనే జ్ఞాపకాన్ని కాపాడింది కలిసి తిననియ్యబడనివాళ్లు. ఈ ఒక్క సంగతి మన పిల్లలకు తెలిస్తే, జాబితాలో ముందు ఎవరి పేరు రాయాలో నేను చెప్పాల్సిన పని ఉండదు.

మన ఇంట్లో బంతులు

ఇప్పుడు మనవాళ్లకు చేదుగా ఉండే మాట చెప్పాల. ఊరు మనల్ని కొట్టం పక్కన కూర్చోబెట్టింది సరే. మనం ఎవర్ని కూర్చోబెట్టినాం?

మాదిగలను అడిగి బతికే చిందువాళ్లున్నారు, డక్కలివాళ్లున్నారు. జాంబపురాణం చెప్పి, మాదిగలు ఈ భూమ్మీద అందరికంటే ముందు పుట్టినవాళ్లని మనకు చెప్పిందే డక్కలివాళ్లు. మన గొప్పదనాన్ని పాడినవాళ్లను మనమే ఇంటి లోపలికి రానియ్యలేదు. వాడ బయట గుడిసె వేసుకోమన్నాం. అన్నం దూరంనుంచి పెట్టినాం. మాలలు, మాదిగలు ఒకరింట్లో ఒకరు తినని పల్లెలు ఇంకా లేవా? చేతి మీద చెయ్యి వేసి గుండెల మీద పెట్టుకుని చెప్పండి. మాస్టీలు వచ్చి గడలెక్కి ఆడితే చూసి, ఆట అయినాక చాటలో గింజలు పోసి పంపించినామే, ఏనాడైనా అరుగు మీద కూర్చోమన్నామా?

డక్కలివాళ్లలో నుంచే వచ్చినాడు కిన్నెర మొగిలయ్య. మన నల్లమల అవతలి పక్క, నాగర్‌కర్నూలు జిల్లా మనిషి. పన్నెండు మెట్ల కిన్నెర వాయించి కథ చెప్పిన కళాకారుడు. 2022లో పద్మశ్రీ ఇచ్చినారు. సినిమాలో పాడించుకున్నారు. తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. రెండేండ్లు తిరగ్గానే, 2024 మే నెలలో, ఆ పద్మశ్రీ హైదరాబాదు పక్కన ఇండ్లు కట్టేచోట కూలి పని చేస్తున్నాడని పత్రికల్లో వచ్చింది. వచ్చిన డబ్బు ఇంటి అక్కరలకు కరిగిపోయిందని, నెలనెలా వచ్చే గౌరవవేతనం ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. శాలువా కప్పడం ఒక పూట పని. కళాకారుడికి అన్నం ప్రతిపూటా కావాల. మన సన్మానాల్లో ఎప్పుడూ తప్పిపోయే లెక్క ఇదే.

కలిసి తింటే కులం పోతాదా?

ఇక్కడ చదువుకున్న కార్యకర్తలు ఒక ప్రశ్న వేస్తారు. వేయాల్సిందే. "సహపంక్తి భోజనాలతో కులం పోదని బాబాసాహెబే చెప్పినాడు గదా, నువ్వు మళ్లా బంతి పట్టుకుని వేలాడతావేంది?" అని.

నిజమే. 1936లో లాహోరు జాత్‌పాత్ తోడక్ మండల్ వాళ్లు పిలిచి, ప్రసంగం ముందే చదివి భయపడి సభ రద్దు చేసుకుంటే, ఆయన ఆ ప్రసంగాన్ని తానే పుస్తకంగా అచ్చేసినాడు. అదే 'కులనిర్మూలన'. కలిసి తిన్నంత మాత్రాన కులబుద్ధి చావలేదని, కులాంతర వివాహాలు కావాలని, దానికీ వెనకనున్న శాస్త్రాల పవిత్రతనే కూలగొట్టాలని అందులో వాదించినాడు. గుడి ముందర ఒకపూట అందరికీ పులిహోర పెట్టి ఫొటో తీయించుకునే పెద్దమనుషులకు అది చెంపపెట్టు.

అయితే నేనడిగేది పెద్దోళ్లు మనతో కలిసి తినాలని కాదు. వాళ్లు తింటే ఎంత, తినకుంటే ఎంత. మన పందిట్లో, మన డబ్బుతో, మన చేత్తో వండిన కూడు దగ్గర మనమే ఊరి బంతుల లెక్కను మళ్లా పాటించొద్దంటున్నా. కలిసి తింటే కులం పోకపోవచ్చు. విడిగా కూర్చోబెడితే మాత్రం కులం తప్పకుండా బతుకుతాది.

ఇంకో ప్రశ్న కూడా ఉంది. అది మన కుర్రోళ్లది. "తప్పెట మనకు బానిసగుర్తు. చావుకు కొట్టు, జాతరకు కొట్టు, దండోరా వెయ్యి అని మన మెడకు కట్టినారు. దాన్ని అగ్గిలో వెయ్యకుండా కళ అని ముద్దుపెట్టుకోమంటావా?" ఆ కోపం నాకు తెలుసు. మా నాయన తప్పెటను నేను పదేండ్లు ముట్టుకోలేదు. చావుకు వెట్టిగా తప్పెట కొట్టేది లేదని ఎదురు నిలబడి దెబ్బలు తిన్న పల్లెలు మన రాష్ట్రంలో ఎన్నో ఉన్నాయి. ఆ పోరాటం సరైనది. రాజ్యాంగం 23వ అధికరణ వెట్టిని నిషేధించింది. 1989 అత్యాచారాల నిరోధక చట్టం ప్రకారం ఎస్సీ ఎస్టీలతో వెట్టి చేయించడం నేరం. ఎవడైనా "మీ తాతల కాడ్నించి కొడుతున్నారు, రాండి" అంటే, రాము అని చెప్పే హక్కు మనకుంది.

కానీ 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మాదిగ దండోరా పుట్టినప్పుడు ఆ ఉద్యమం చేతికి తీసుకున్నది ఏందీ? అదే డప్పు. చావు కబురు మోసిన డప్పు మన హక్కుల కబురు మోసింది. అదే తోలు, అదే పుల్ల. కొట్టమన్నది ఎవరు, కొట్టినందుకు ఏమిచ్చినారు, కొట్టినాక ఎక్కడ కూర్చోబెట్టినారు అనేవి మారినాయి. ఈ మూడు మారితే తప్పెట కళ. ఈ మూడు మారకపోతే వీణ కూడా వెట్టే.

కాబట్టి ఏం చేద్దాం

ఆ రోజు చింతచెట్టు కింద మాట్లాడి మాట్లాడి చివరికి పిల్లలు ఒప్పుకున్నారు. ఒప్పుకున్నవాటిని ఇక్కడ రాస్తున్నా. మిగతా మండలాల్లో కూడా మనవాళ్లు ఆలోచించాల.

మొదటిది, తప్పెట కొట్టే ఆరుగురి పేర్లు కరపత్రంలో కళాకారుల జాబితాలోనే వేయాల. శిల్పి పేరు ఎంత అక్షరంలో వేస్తే వీళ్ల పేర్లూ అంతే అక్షరంలో. "తప్పెట బృందం" అని ముద్దగా వేయొద్దు. మనిషికి పేరుంటాది.

రెండోది, ఊరేగింపు వద్దు. ఎండలో ఒక కళాకారుడు చెమటోడ్చి ఇంకో కళాకారుణ్ణి మోసుకురావడం వద్దు. అందరూ నడిచి వస్తారు. తప్పెట కూడా మిగతా కళలతో సమానంగా పందిట్లో, కూర్చున్న జనం ముందర మోగాల.

మూడోది, మాట్లాడే వంతు. మన సభల్లో తప్పెటకు చప్పుడు ఉంటాది గానీ, తప్పెట కొట్టినాయనకు మైకు ఉండదు. శిల్పి తన ఉలి గురించి చెప్పినట్టే తప్పెటాయన తన చర్మం గురించి చెప్పాల. ఏ తోలు ఎంచుకుంటారు, సున్నంలో ఎన్నాళ్లు నానేస్తారు, చట్రానికి ఏ కట్టె వాడతారు, పెండ్లి దరువుకూ చావు దరువుకూ తేడా ఏంది, ఎవరి దగ్గర నేర్చుకున్నాడు, ఎన్ని రాత్రులు పస్తులున్నాడు. ఇవి ఏ పుస్తకంలో దొరుకుతాయి? ఆ మనుషులు పోతే ఆ చదువు వాళ్లతోనే మట్టిలోకి పోతాది. ఒక పిల్లోడు నోటుపుస్తకం పట్టుకుని రాసుకోవాల. సెల్‌ఫోన్‌లో రికార్డు చేయాల.

నాలుగోది, ఆడోళ్లు. తెలుగుగంగ కాలువ కింద వరినాట్లలో పొద్దంతా పాడే అక్కలున్నారు. ఒక్కొక్కరికి పూట పూటంతా పాడినా తరగనన్ని పాటలు వచ్చు. చావింట్లో పోయినోళ్ల బతుకంతా కథగా కట్టి ఏడ్చే అవ్వలున్నారు. వాళ్లు కళాకారులు కారని ఎవరన్నారు? తెలంగాణలో చిందు ఎల్లమ్మ మగవేషాలు కూడా కట్టి చిందు భాగవతాన్ని నిలబెట్టింది. అట్లాంటోళ్లు మన పేటల్లోనూ ఉంటారు. మనం పిలవలేదు గనుక కనబడలేదు. జాబితాలో సగం పేర్లు ఆడోళ్లవి ఉండాల.

ఐదోది, డబ్బు. శాలువాల ఖర్చు మానేసి ఆ సొమ్ము కళాకారులకు కవర్లో పెట్టి ఇయ్యాల. ఎంత ఇస్తామో ముందే చెప్పాల. "మనోడే గదా, అన్నం పెడతాంలే" అనే మాట ఇంక మన నోట రాగూడదు. మనోడు గనుకనే ముందు ఇయ్యాల. అన్నం పెట్టి పని చేయించుకోవడాన్నే మన తాతలు వెట్టి అన్నారు.

ఆరోది, పింఛను. యాభై ఏండ్లు దాటిన డప్పు కళాకారులకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పింఛను పెట్టింది. 2024 జులై నుంచి అది నెలకు 4,000 రూపాయలు. మన మండలంలో ఎంతమందికి అందుతోంది, అర్హత ఉండీ కాగితాలు లేక ఎవరికి అందడంలేదు అనేది ఆ రోజు అక్కడే ఒక బల్ల వేసుకుని రాసుకోవాల. చదువుకున్న పిల్లలు ఇద్దరు ఆ పని చూసుకుంటే చాలు. ఉపన్యాసాలు నాలుగు తగ్గినా నష్టం లేదు.

ఆఖరిది, బంతి. ఒకటే బంతి. చాపలు పరిచి, వచ్చినవాళ్లు వచ్చినట్టు కూర్చోవాల. శిల్పి పక్కన తప్పెటాయన, ఆయన పక్కన మాస్టీల పిల్లోడు, వాని పక్కన సర్పంచి. ఎమ్మెల్యే వచ్చినా అదే చాప. వడ్డించేది సంఘం నాయకులు. వండేది మాలా మాదిగా ఇద్దరూ కలిసి. రాగిసంగటి, కోడికూర, చెనక్కాయల ఊరిబిండి. ఎవరికైనా పక్కనున్నవాణ్ణి చూసి ముద్ద దిగకపోతే వాళ్లు లేచిపోవచ్చు. వాళ్లకోసం రెండో బంతి వేసేది మాత్రం లేదు.

మరుసటి రోజు ఈ సంగతి చెప్దామని తప్పెట కొట్టే పెద్దాయన ఇంటికి పోయినాం. డెబ్బై దగ్గర పడినాయి. మేము చెప్పిందంతా విన్నాడు. "నన్ను మాట్లాడమంటే ఏం మాట్లాడేది నాయనా, నాకు మాటలు రావు" అన్నాడు. కాసేపు ఊరుకున్నాడు. మళ్లా ఆయనే, "మా గురువు పేరు చెప్పొచ్చునా?" అని అడిగినాడు. చెప్పొచ్చునన్నాం. "ఆయన పేరు ఇంతవరకూ ఎవురూ అడగలేదు" అన్నాడు.

డెబ్బై ఏండ్ల మనిషి. యాభై ఏండ్లు మన పెండ్లిళ్లకు, చావులకు, జాతరలకు, చివరికి మన జయంతులకు కూడా కొట్టినాడు. నీకు నేర్పింది ఎవరని ఒక్కరం అడగలేదు. ఆ ఒక్క ప్రశ్న అడగడానికే ఈ మధ్యాహ్న భోజనం. ఏప్రిల్ 14న రుద్రవరం రాండి. మీ ఊళ్లోనుంచి ఒక పాటగత్తెనో, తప్పెటాయననో, బొమ్మలు గీసే పిల్లోణ్ణో వెంటబెట్టుకుని రాండి. చాప మీద చోటుంది.

జై భీమ్!